ఒకే కారు, రెండు బ్యాటరీలు

మా ఇంట్లో కారు ఒకటే. దానికి బ్యాటరీలు మాత్రం రెండు. ఒకటి నాది, ఒకటి అన్నయ్యది.

తెల్లవారుజామున నేను నా బ్యాటరీ బిగించుకొని డెయిరీకి వెళతాను. మధ్యాహ్నం రాగానే బానెట్ ఎత్తి, బ్యాటరీ ఊడదీసి, ప్లాస్టిక్ బకెట్లో పెట్టుకొని నా గదిలోకి మోసుకెళతాను. సాయంత్రం అన్నయ్య మేడ మీంచి తన బ్యాటరీ దించుకొచ్చి బిగించుకుంటాడు. కారు మీద మైకులు కట్టుకొని వీధుల్లోకి పోతాడు. రాత్రి రాగానే తనూ ఊడదీసుకొని మెట్లెక్కుతాడు. ఒకరి బ్యాటరీ ఇంకొకరు ముట్టుకోకూడదన్నది ఇంట్లో ఎవరూ పైకి చెప్పని కట్టుబాటు. అసలు అన్నయ్యా నేనూ ఏదైనా పైకి చెప్పుకొని చాలా కాలమైంది.

నేను బకెట్ మోసుకుపోతుంటే ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి, "ఏమ్మా, బిడ్డకి స్నానం అయిందా?" అని అడిగేది. మేడ మీంచి వదిన అందుకునేది. "అయ్యుంటుందిలెండి. డిగ్రీ చదివిన బిడ్డ కదా, రెండు పూటలా చేయిస్తుంది."

ఇదంతా మైకుల వల్ల వచ్చింది. కొత్తగా తెరిచిన దుకాణాలకీ, తగ్గింపు అమ్మకాలకీ మైకులో ప్రచారం చేయడం అన్నయ్య పని. కారు వీధి మొగలో ఆపి, పెట్రోలు ఖర్చని ఇంజిన్ కట్టేసి, కారు బ్యాటరీకే ఆంప్లిఫయర్ తీగలు తగిలించి గంటల తరబడి అరుస్తాడు. రాత్రికి బ్యాటరీ పీల్చి పిప్పి అయ్యేది. తెల్లవారి నేను తాళం తిప్పితే ఇంజిన్ మూలిగి ఊరుకునేది.

నా ఉద్యోగం ఆలస్యానికి ఒప్పుకునేది కాదు. డెయిరీలో పాలు పరీక్ష చేసేది నేను. పల్లెల నుంచి ట్యాంకర్ వస్తుంది. నేను ల్యాబ్ తలుపు తీసి, పాలు పరీక్షించి, బాగున్నాయని చెబితే తప్ప వాల్వ్ తెరవరు. ఆలస్యమైతే ట్యాంకర్ నిండా ఉన్న పాలు ఎండెక్కేదాకా గేటు దగ్గరే ఉంటాయి. డెయిరీ ఊరికి బాగా దూరం. ఆ వేళకి బస్సు లేదు, ఆటోవాడు ఆ వైపు రాడు. పైగా నేనింకా పర్మనెంట్ కాలేదు. అందుకే కష్టపడి సొంత బ్యాటరీ ఒకటి కొనుక్కున్నాను. నేను కొన్నది మైకుకి తగిలించనివ్వనని, నాది నేను తీసి దాచుకోవడం మొదలుపెట్టాను. మర్నాటి నుంచి అన్నయ్య కూడా తనది తీసి దాచుకోవడం మొదలుపెట్టాడు, పంతానికి.

శనివారం తెల్లవారుజామున నా బ్యాటరీ బిగించి తాళం తిప్పాను. టక్కుమంది. మళ్ళీ తిప్పాను. టక్కని కూడా అనలేదు. కూరగాయల వ్యాన్ అతన్ని బతిమాలి బస్తాల మీద కూర్చొని వెళ్ళేసరికి ట్యాంకర్ డ్రైవర్ గేటు ముందు తువ్వాలు పరుచుకొని పడుకొని ఉన్నాడు. మేనేజర్ నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆదివారం నీ డ్యూటీ కాదు కాబట్టి బతికావు. సోమవారం ట్యాంకర్ వచ్చేసరికి ల్యాబ్ తలుపు తీసి ఉండాలి. మూసి ఉంటే లోపలికి రావద్దు. తాళంచెవి వాచ్‌మన్‌కి ఇచ్చి అటునుంచి అటే వెళ్ళిపో."

సాయంత్రం అన్నయ్య చార్జింగ్ పెట్టించి తెచ్చిన తన బ్యాటరీ బిగించాడు. అదీ లేవలేదు. బానెట్ దబాలున వేశాడు.

"ఏం చేశావే కారుని?" అన్నాడు. చాలా రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"నేనేం చేస్తాను? నాదీ పోయింది."

"నీది కొత్తదిగా, ఎలా పోతుంది? తీగలేవో కెలికి ఉంటావు. చదువుకున్నానని అన్నిట్లో వేలు పెడతావు."

"నీ మైకుల కింద నలిగి కారే చచ్చింది. నన్నంటావేం?"

వరండాలో నాన్న కుర్చీలోంచి లేచాడు. జీవితమంతా ఇతరుల లారీలు తోలి, చివర్లో ఈ పాత కారు తన పేరు మీద కొనుక్కున్నాడు. ఇప్పుడు చూపు ఆనక నడపడం మానేశాడు. ఇన్నాళ్ళూ మా బ్యాటరీల ఊరేగింపు చూస్తూ ఒక్క మాట అనలేదు.

"ఇద్దరూ వినండి. రేపు పొద్దున ఇద్దరూ కలిసి పోయి, ఈ కారులో ఉండాల్సిన బ్యాటరీ ఒక్కటి తెండి. బిగించాక దాన్ని ఎవరూ ఊడదీయకూడదు. మళ్ళీ నా కళ్ళ ముందు ఎవరైనా బకెట్ మోశారో, కారు పాత సామానోడికి ఇచ్చేస్తాను. నా చూపు పోయింది గానీ నోరు పోలేదు."

"నాన్నా, నాకు రేపు సాయంత్రం చెప్పుల షాపు పని ఉంది," అన్నాడు అన్నయ్య.

"నాకు ఎల్లుండి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు," అన్నాను నేను.

"అయితే ఇద్దరికీ తొందరే. మంచిది," అని నాన్న మళ్ళీ కూర్చున్నాడు.

ఆదివారం రెండు బ్యాటరీలూ ఆటోలో కాళ్ళ దగ్గర పెట్టుకొని, నేను ఒక కిటికీ వైపూ తను ఒక కిటికీ వైపూ చూస్తూ వెళ్ళాం. ఆటో అతను అద్దంలో మమ్మల్ని చూసి చూసి, "బ్యాటరీలకేనా, మీ ఇద్దరికి కూడా చార్జింగ్ అయిపోయిందా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పాపం, ఆటో అతను అద్దం పక్కకి తిప్పేశాడు.

బ్యాటరీల షాపు ఇరుకుగా ఉంది. నేలంతా ఆమ్లం పడి తెల్లబడిన మచ్చలు. షాపాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకొని మా రెండు బ్యాటరీల వైపు చూసీ చూడకుండా, "రెండూ పోయాయి. ఏ కారు?" అన్నాడు.

కారు పేరు చెప్పాను.

"అన్నిటికన్నా పెద్దది ఇవ్వండి," అన్నాడు అన్నయ్య.

షాపాయన ముఖం వెలిగింది. ఇద్దరు పట్టి ఎత్తాల్సిన బ్యాటరీ ఒకటి లాగి మా ముందు పెట్టాడు. నేను సంచిలోంచి టేపు తీసి దాన్ని కొలిచాను. ముందురోజే కారులో బ్యాటరీ కూర్చునే ట్రే కొలిచి పెట్టుకున్నాను.

"ఇది ట్రేలో పట్టదు," అన్నాను.

"పట్టిస్తాను," అన్నాడు అన్నయ్య.

"ఎలా పట్టిస్తావు? పైన బిగించే పట్టీ పడదు. గతుకులో ఎగిరి బానెట్‌కి కొట్టుకుంటుంది. పైగా చూడు, దీనికి ప్లస్ అటు చివర ఉంది. మన కారులో ప్లస్ తీగ ఇటు వస్తుంది. అంత దూరం అందదు."

"లాగితే అందుతుంది."

"లాగి లాగి కట్టిన తీగ ఎక్కడో ఒరుసుకుంటుంది. కారు తగలబడుతుంది."

"అబ్బో! పాలల్లో నీళ్ళున్నాయో లేదో చూసేదానివి, కార్లు కూడా తగలబెట్టేస్తున్నావే! ఏమండీ, దీని మాట పట్టించుకోకండి. బిల్లు రాయండి."

షాపాయన బిల్లు రాయలేదు. గొడవ తేలితే ఎవరి చేతిలో పర్సు ఉంటుందో చూస్తున్నాడు. "పోనీ ఈ సైజులో అసలుది ఇవ్వనా? కంపెనీ పెట్టేది ఇదే. ట్రేకి సరిపోతుంది, ప్లస్ కూడా మీవైపే. కారుకి తప్ప ఇంకేం వాడరుగా?"

"లేదు," అన్నాడు అన్నయ్య.

"వాడతాడు," అన్నాను నేను. "ఇంజిన్ ఆపేసి మైకు సెట్టు నడుపుతాడు."

షాపాయన పెన్ను కింద పెట్టేశాడు. "అలా అయితే గ్యారంటీ ఇవ్వనమ్మా. ఈ బ్యాటరీ ఇంజిన్‌ని ఒక్క ఊపున లేపడానికి. తర్వాత ఇంజినే దీన్ని నింపుకుంటుంది. గంటల తరబడి అడుగంటా పిండితే ఏడాది కూడా రాదు."

అన్నయ్య నా వైపు తిరిగిన తీరుకి షాపాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా నోటి కాడ కూడు తీస్తే గానీ నిద్ర పట్టదా నీకు? ఆయన అడిగాడా నిన్ను?"

"అడిగాడు. నువ్వు అబద్ధం చెప్పావు."

"మైకు అంటే అంత చులకనైపోయిందా? ఆ మైకే నీ ఫీజులు కట్టింది. నాన్న కాళ్ళ నొప్పులతో లారీ ఎక్కలేక కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుంటే, పదో తరగతిలో పుస్తకాలు మూసేసి మైకు డబ్బాలు మోసింది నేను. నువ్వు కాలేజీకి పోయావు."

"ఎన్నిసార్లు చెబుతావు ఆ మాట? నేను మర్చిపోయానా? పోయి మైకులో చెప్పు, ఊరంతా వింటుంది."

"చెబుతా. ఎందుకు చెప్పను?"

మాటకి మాట అంటూనే నా కన్ను షాపాయన బల్ల మీద పడింది. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, గొట్టం లోపల నిలువుగా తేలే సన్నటి గాజు కాడ. మా ల్యాబ్‌లో పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్‌కి దీనికీ ఆట్టే తేడా లేదు. అక్కడ పాలు, ఇక్కడ ఆమ్లం. ద్రవం చిక్కగా ఉంటే కాడ పైకి తేలుతుంది, పలచబడితే మునుగుతుంది. బ్యాటరీలో చార్జింగ్ దిగేకొద్దీ ఆమ్లం పలచబడుతుంది.

నాకొకటి తట్టింది. మేము పరీక్ష చేయకుండా ఒక్క లీటరు కూడా పారబోయం. ఈయన రెండు బ్యాటరీలు చూడకుండానే పారబోశాడు.

"ముందు ఈ పాతవి రెండూ పరీక్ష చేయండి," అన్నాను.

"దండగమ్మా. చచ్చినవి చచ్చినట్టే."

"మూతలున్నాయిగా, తీసి చూపించండి. చూశాకే కొంటాం. లేకపోతే పక్క షాపుకి పోతాం."

విసుక్కుంటూనే మూతలు విప్పాడు. ఒక్కో బ్యాటరీకి ఆరు గదులు. ముందు అన్నయ్యది. గొట్టం ముంచి, బుడ్డి నొక్కి వదిలాడు. మొదటి గదిలో కాడ బాగానే తేలింది. రెండోది, మూడోది బాగానే ఉన్నాయి. నాలుగో గదిలో కాడ ఎర్ర గీత కూడా మునిగిపోయి అడుగున పడుకుంది. మిగతా రెండూ ఫరవాలేదు.

తర్వాత నాది. మొదటి గదిలో ఎర్ర గీత. రెండో గదిలోనూ అంతే. ఆరింటిలోనూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట.

"చూశావా, నీది ఆరూ పోయాయి. నాది ఒకటే," అన్నాడు అన్నయ్య. గొంతులో గెలుపు.

"కాదు," అన్నాను. ల్యాబ్‌లో మాకు మొదటి వారమే నేర్పిన లెక్క అది. "ఆరు క్యాన్లలో ఐదు బాగుండి ఒకటి విరిగితే తప్పు ఆ క్యానుది. ఆరూ ఒకేలా పలచబడితే తప్పు క్యాన్లది కాదు, నీళ్ళు కలిపినవాడిది. నీ బ్యాటరీలో ఒక గది చచ్చింది. ఇక లేవదు. నాది చావలేదు. ఎవరో దాన్ని అడుగంటా తాగేశారు. చార్జింగ్ పెడితే లేస్తుంది. కాదంటారా?"

షాపాయన నీళ్ళు నమిలాడు. "లేవొచ్చు," అన్నాడు చివరికి.

అప్పుడు నేను చెప్పిన మాట నాకే తిరిగి వినబడింది. ఎవరో తాగేశారు. నేను మైకు పెట్టను. శుక్రవారం మధ్యాహ్నం తీసి పెట్టినప్పుడు నా బ్యాటరీ బాగుంది. ఆ సాయంత్రం నేను స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను.

"శుక్రవారం నా గదిలోకి వచ్చావా?" అన్నాను.

అన్నయ్య షాపు బయటికి చూశాడు.

"వచ్చావా, లేదా?"

"వచ్చాను. అయితే ఏంటి? నాది సగంలో ఆగిపోయింది. బట్టల షాపువాడు డబ్బులివ్వనన్నాడు. నీది తెచ్చి పని పూర్తి చేసి మళ్ళీ బకెట్లో పెట్టాను. నీ సొమ్మేం అరిగిపోలేదు."

"నాకు చెప్పొచ్చుగా! చెబితే ఆ రాత్రే చార్జింగ్ పెట్టించుకునేదాన్ని. నీ వల్ల నా ఉద్యోగం పోయే దాకా వచ్చింది!"

"నీతో మాట్లాడాలా దాని కోసం?"

నేనైనా అతనితో మాట్లాడేదాన్ని కాదు.

షాపాయన గొంతు సవరించుకున్నాడు. "పాపది ఇక్కడ వదిలేయండి. నెమ్మదిగా ఎక్కించాలి. షాపు మూసేలోపు అవుతుంది. అది కారులో పెట్టుకోవచ్చు. బాబుకి మైకు కోసం వేరేది ఇస్తాను. ఇంట్లో కరెంటు పోతే ఫ్యాన్లు తిప్పుతాయే, ఆ రకం. నెమ్మదిగా, చాలాసేపు ఇస్తుంది. కారు వెనక సీట్లో పెట్టుకొని పాడుకోవచ్చు. ఇంజిన్‌తో పనే లేదు."

"అప్పుడు కారులో బ్యాటరీ ఒకటే ఉంటుంది. నాన్న అన్న మాట నిలబడుతుంది," అన్నాను.

"ఇవాళ సాయంత్రం?" అన్నాడు అన్నయ్య. "దాని బ్యాటరీ రాత్రి దాకా ఇక్కడే ఉంటే నా కారు ఎలా కదులుతుంది? ఆ మైకులన్నీ నెత్తిన పెట్టుకొని తిరగాలా?"

"ఒక్క సాయంత్రం తోపుడు బండి తీసుకో."

"తోపుడు బండా! చూశారా అండీ? తను కారులో పోవాలి, అన్న బండి తోసుకోవాలి. కారుకే కొత్తది ఇచ్చేయండి. ఇవాళ మైకు, రేపు తన పాలు, రెండూ దాంతోనే."

"ఇవాళ మైకుకి పెడితే రేపు తెల్లవారి అది లేవదు. నీకూ తెలుసు."

"లేస్తే లేస్తుంది, లేకపోతే లేదు. నీ ఉద్యోగం పోతే ఇంకొకటి వస్తుంది. సర్టిఫికెట్ ఉందిగా!"

నా బ్యాటరీని షాపాయన వైపు తోసి, "ఇది నాది. చార్జింగ్ పెట్టండి. తనకేం కావాలో తననే కొనుక్కోమనండి. రెండోది బానెట్ కిందికి వస్తే కారు ఎక్కడికి పోతుందో నాన్న చెప్పాడు," అన్నాను.

అన్నయ్య గుడ్లురిమి చూశాడు. తర్వాత నాకు వీపు పెట్టి, షాపాయనతో గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ ఫ్యాన్ల బ్యాటరీకి చివర్లో గొంతు బొంగురు పోతుందా? కారు బ్యాటరీ దిగేకొద్దీ నా గొంతు ముసలాడి గొంతులా వస్తుంది. జనం నవ్వుతున్నారు."

"ఉన్నంతసేపూ ఒకేలా పలుకుతుంది."

"అది ఇవ్వండి. ఇది చెప్పిందని కాదు."

"ఎవరు చెప్పినా బిల్లు ఒకటే బాబూ," అన్నాడు షాపాయన.

చీకటిపడే వేళకి నేను మళ్ళీ షాపుకి వెళ్ళాను. మూతలు తీయించి ఆరు గదులూ నా ముందే చూడమన్నాను. నాలుగో గది దాకా చూసి, "నువ్వు నా కూతురివి కాకపోవడం నా అదృష్టం," అన్నాడాయన. ఆరింటిలోనూ కాడ పచ్చ గీత మీద తేలింది.

ఇంటికి తెచ్చి, ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగించి, పట్టీ వేస్తున్నాను. అప్పుడే వీధి చివర మైకు లేచింది. తోపుడు బండి చక్రాలు కిర్రుమంటున్నాయి.

"చెప్పులు, చెప్పులు, చెప్పులు! నేడే, ఇప్పుడే, సగం ధరకే! ఈ ప్రకటన మీ ముందుకి కారులో రావలసింది. తోపుడు బండి మీద వచ్చింది. ఎందుకంటారా? మా ఇంట్లో ఒక చదువుకున్న చెల్లెలుంది. డెయిరీలో పెద్ద ఉద్యోగం. రేపు పొద్దున ఆమెగారు కారులో పోవాలి కాబట్టి ఇవాళ అన్న బండి తొయ్యాలి. ఆమె చదువు కోసం పదో తరగతిలో పుస్తకం మూసినవాణ్ణి నేనే! కారున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది కాళ్ళ విలువ? రండి, చెప్పులు కొనండి!"

ఎదురింటావిడ గేటు దగ్గరికి పరుగున వచ్చింది. మేడ మీద వదిన పకపకా నవ్వింది. నాకు తల కొట్టేసినట్లయింది. స్పానర్ చేతిలో ఉంది గానీ అది ఎటు తిప్పాలో తెలియలేదు.

వరండాలోంచి నాన్న అన్నాడు, "ఇవాళ వాడి గొంతు బాగా పలుకుతోంది."

బండి ఊరంతా తిరిగింది. ప్రతి మొగలోనూ చెప్పుల తర్వాత నేనే.

సోమవారం తెల్లవారుజామున తాళం తిప్పాను. ఇంజిన్ ఒక్క ఊపున లేచింది. ఆ చప్పుడుకి మేడ మీద కిటికీ తెరుచుకుంది. అన్నయ్య తల బయటికి పెట్టాడు. రాత్రంతా అరిచి గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"లేచిందిగా? ఇక పో. వీధి వాళ్ళని లేపకు," అన్నాడు.

"వీధి వాళ్ళని నిన్నటి నుంచీ నువ్వు పడుకోనిచ్చావా?" అన్నాను.

కిటికీ దబ్బున మూసుకుంది.

నేను ల్యాబ్ తలుపు తీసి, కోటు తొడుక్కొని, సీసాలు వరసగా పెట్టుకున్నాక గానీ ట్యాంకర్ గేటు దగ్గర హారన్ కొట్టలేదు. దాని వెనకే మేనేజర్ స్కూటర్ వచ్చింది. ఆ వేళకి ఆయన ఎప్పుడూ రాడు. లోపలికి వచ్చి, తెరిచిన తలుపునీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"నిన్న మా వీధిలోకి మీ అన్న వచ్చాడు. చెప్పులమ్ముకుంటూ నీ గురించి చాలా చెప్పాడు," అన్నాడు. "ఆ కోపం విన్నాక, తెల్లవారేసరికి కారు నీకు దక్కనివ్వడనుకున్నాను. తాళంచెవి నేనే తీసుకుందామని వచ్చాను."

"కారు దక్కింది సార్," అన్నాను. "ట్యాంకర్ మూత తీయమనండి. పాలు చూడాలి."